సోమలింగం ఇంట్లో రెండు సాంచలు

సోమలింగం తన కంప్యూటర్‌ను ఏనాడూ కంప్యూటర్ అనడు. సాంచ అంటాడు. మరమగ్గానికి సిరిసిల్ల వైపు నేతవాళ్ళు వాడే మాట అది. ఇరవై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి, కరెంటు పెడితే కదిలేదీ, ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేదీ సాంచ కాక మరేమవుతుంది?

నేను ద్వారక పోదామని బయల్దేరినవాణ్ణి. సూరత్ పక్కనున్న ఉధ్నా స్టేషన్‌లో బండి ఆగితే టీ కోసం దిగాను. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ఆడవాళ్ళు కొత్తిమీర ధర గురించి కరీంనగర్ తెలుగులో కొట్లాడుకుంటున్నారు. కాసేపు విని, మళ్ళీ ఎక్కి నా సంచీ దింపుకున్నాను. ద్వారక ఎక్కడికీ పోదు కదా. ఆ ఇద్దరిలో ఒకామె సోమలింగం భార్య రాజమ్మ. ఆమె వెంటే నడిచి వెళ్ళి వాళ్ళ పక్క గది అద్దెకు తీసుకున్నాను. గది చూపిస్తూ సోమలింగం అడిగింది ఒక్కటే.

“చప్పుడు ఓర్చుకుంటవా పెద్దయ్యా? కింద షెడ్డుల సాంచలు పగలు రాత్రి నడుస్తయి.”

ఓర్చుకుంటానన్నాను. మొదట్లో నేల అదురు వెన్నులోకి ఎక్కేది. రానురాను అది లేకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చాను.

సోమలింగం మీసాలు రాకముందే తండ్రి లస్మయ్య వెంట సూరత్ వచ్చాడు. మొదట దారం చుట్టిన కండెలు అందించే పని, తర్వాత సాంచ. పగటి పాళీ వాడు లేచిన చాప మీద రాత్రి పాళీ వాడు పడుకునేవాడు. చాప చల్లారేది కాదు, సాంచా చల్లారేది కాదు. ఏడాదికి ఒక్కరోజు, దసరానాడు మాత్రం అన్నీ ఆగేవి. లస్మయ్య ఆ రోజు సాంచ మీది నూనె మరకలు తుడిచి, పసుపు రాసి, బంతిపూల దండ వేసి, కొడుకు చెయ్యి పట్టుకొని ఇనుము మీద పెట్టించేవాడట.

“చల్లగున్నదా? ఇయ్యాల అది పండుకున్నది. దాన్ని లేపద్దు.”

ఈ సంగతి చెప్పినప్పుడల్లా సోమలింగం అరచెయ్యి గాలిలో ఆనించి చూపిస్తాడు, అక్కడ ఇనుము ఉన్నట్టే.

సాంచ నుంచి డిజైన్ పనిలోకి అతను ఎవరూ పిలవకుండానే వచ్చాడు. చీర అంచులో పువ్వు పూయాలంటే ఏ పోగు ఎప్పుడు పైకి లేవాలో మగ్గానికి ఎవరో ఒకరు చెప్పాలి. అప్పట్లో ఆ మాట చిల్లులు కొట్టిన అట్టలు చెప్పేవి. ఒక సూరతీ ముసలాయన అట్టలకు చిల్లులు కొడుతుంటే, పాళీ దిగాక పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాడు. ఖాడీ అనే వాగు పొంగి, అప్పట్లో కింద ఉండే ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఏడు టీవీని వదిలేసి అట్టల కట్టలు నెత్తిన పెట్టుకొని మేడ ఎక్కాడు. రాజమ్మ ఆ టీవీని ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత అట్టలు పోయి కంప్యూటర్ వచ్చింది. నలభై దాటాక మౌస్ పట్టాడు. మొదట్లో దాన్ని ఇస్త్రీపెట్టెలా నొక్కేవాడినని తనే చెప్పి నవ్వుతాడు.

ఇప్పుడు రింగ్‌రోడ్డు మార్కెట్ సేట్లు పొద్దున ఫోన్‌కు చీర ఫోటో పంపుతారు, సాయంత్రానికి డిజైన్ కావాలంటారు. డిజైన్ వేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. దాని తాళంచెవి లాంటి ముక్కొకటి, వేలెడంతది, కంప్యూటర్ వెనక గుచ్చి ఉంటుంది. ఆ ముక్క పోయినా, విండోస్ పోయినా సోమలింగానికి పని లేదు.

అదే కంప్యూటర్‌తో కూతురు రుచితకు వేరే అవసరం పడింది.

మా వీధి చివర ఖాడీ ఉంది. ఎగువన మిల్లులో ఏ రంగు వేస్తే ఆ రంగులో పారుతుంది. ఊదారంగు నీళ్ళలో తెల్లకొంగ నిలబడి ఉండటం నా తిరుగుళ్ళలో ఇంకెక్కడా చూడలేదు. ఆ రంగులను విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉన్నాయి. వాటిలోని ఒక ప్రోటీన్ రంగు అణువును పట్టుకుని నిలుపుకుంటుందా, మధ్యలో జారవిడుస్తుందా అని చూడటం రుచిత ఎమ్మెస్సీ ప్రాజెక్టు. చూడటమంటే కంటితో కాదు. ప్రోటీన్‌ను, రంగును, చుట్టూ నీళ్ళను కంప్యూటర్‌లో పెట్టి, కాలం అతి చిన్న అడుగు వేసినప్పుడల్లా ప్రతి పరమాణువూ ఎక్కడికి కదులుతుందో లెక్కగట్టుకుంటూ పోవాలి. రోజుల తరబడి సాగే లెక్క. కాలేజీలో ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరూ విండోస్‌లో కాదు, దానికి బదులు వాడే లినక్స్‌లోనే నడుపుతారు.

నవరాత్రి సెలవులకు కాలేజీ ల్యాబ్‌కు తాళం పడింది. సెలవులు కాగానే, సొంత లెక్క పూర్తిచేసి చూపించినవాళ్ళలో ఒకరిని తన పరిశోధనలోకి తీసుకుంటానన్నాడు గైడ్ సార్. ఒకటే చోటు. లెక్క సగంలో ఉన్నవాళ్ళు రావద్దన్నాడు. రుచితకు ఆ చోటు కావాలి. అది రాకపోతే ఆమెకు తెలిసిన దారి ఒకటే: ఖాడీలోకి రంగు వదిలే మిల్లుల్లోనే ఏదో ఒకదాని ల్యాబ్‌లో శాంపిళ్ళు సరిచూసే ఉద్యోగం. ఆ ఉద్యోగం చూసిపెట్టింది సోమలింగం మేనల్లుడు సుమన్. కతర్‌గామ్‌లో వజ్రాల కార్ఖానాలో, రాయిని ఎక్కడ కోయాలో కంప్యూటర్‌లో చూసే పని అతనిది. అందుకని ఇంట్లో కంప్యూటర్ వైద్యుడు కూడా అతనే. ఒక ఆదివారం పెన్‌డ్రైవ్‌తో దిగాడు.

“మామా, గీ విండోస్ తీసి పారేద్దాం. లినక్స్ ఎక్కిస్త. గంట పని.”

“తీసి పారేస్తే నా డిజైన్లు యాడికి పోతయిరా?”

“అన్నీ వేరే దాంట్ల దాస్త.”

“మరి డిజైన్ ఏసే సాఫ్ట్‌వేరు?”

సుమన్ తల గోక్కున్నాడు. “అది... లినక్స్‌ల నడువది మామా.”

“అంటే నన్ను తీసి పారేస్తనంటున్నవ్.” సోమలింగం లేచి కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

వంటింట్లోంచి రాజమ్మ గొంతు వచ్చింది. “టీవీ పోయిన్నాడు గిట్ల అడ్డం నిలవడితే బాగుండు!”

రుచిత ఆ రోజంతా ఫోన్‌లో ఏదో చదువుకుంది. మర్నాడు తండ్రి టీ తాగుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

“బాపూ, నీ విండోస్‌ను ముట్టుకోను. దాని లోపల్నే లినక్స్‌కు జర జాగా ఇయ్యచ్చు. విండోస్ చేసినోళ్ళే పెట్టిన్రు ఆ దారి. నీది నీకు నడుస్తది, నాది నాకు నడుస్తది.”

“ఒక్క సాంచ మీద రెండు బట్టలా?”

“ఒక్క షెడ్డుల రెండు సాంచలు అనుకో.”

“లొల్లి పెట్టుకోవా రెండు?”

“మనం సూరత్‌ల ఉంటలేమా? బయట గుజరాతీ, ఇంట్ల తెలుగు. ఏమన్న లొల్లి అయితున్నదా?”

“మీ అవ్వకు కూరగాయలామెతోని రోజూ అయితది,” అన్నాడు సోమలింగం, రాజమ్మ వైపు చూసి. కానీ మెత్తబడ్డాడు.

సూరత్‌కు ఈ ఏర్పాటు కొత్తది కాదు. మొగలాయీల రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, ఆర్మీనియన్లు ఈ రేవులోనే ఎవరి కొఠీల్లో వాళ్ళు బతికారు. లోపల ఎవరి వంట వాళ్ళది, ఎవరి ప్రార్థన వాళ్ళది. ఊరు మాత్రం బాద్‌షాది. కతర్‌గామ్ దారిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పైన చూస్తే నవాబులకు కట్టినట్టు గుమ్మటాలు, కింద పడుకున్నది సముద్రం దాటి వచ్చిన వర్తకులు. ఒక మధ్యాహ్నమంతా అక్కడ తిరిగి, కాపలా మనిషితో ఉల్లిగడ్డల ధర దగ్గర మొదలుపెట్టి రష్యా దాకా మాట్లాడి, ఈ ముచ్చట రుచితకు చెబుదామని ఆదరాబాదరాగా వచ్చాను. అప్పటికే ఆమె లినక్స్ ఎక్కించేసింది.

తెర మీద ఒక నల్లటి కిటికీ. అందులో తెల్లటి అక్షరాలు కిందికి జారుతున్నాయి. సోమలింగం నా పక్కన నిలబడి చూశాడు.

“గింతేనా? బొమ్మ లేదు, రంగు లేదు. దీనికోసమా గింత రందివడ్డది?”

పావుగంట కాలేదు, అతని డిజైన్‌లో నెమలి మెడ దగ్గర మౌస్ బిగుసుకుపోయింది.

“రుచితా! నీ సాంచ నా కరెంటంత తాగుతున్నదే!”

రుచిత పరుగెత్తుకొచ్చింది. కంప్యూటర్‌కు ఉన్న బలాన్నంతా లెక్కే లాగేసుకుందని తెలిసింది. ఆపి, మళ్ళీ మొదలుపెడుతూ పంపకం చెప్పింది. “దీనికి ఎనిమిది చేతులున్నయనుకో బాపూ. ఆరు నాకు, రెండు నీకు.”

“ఇల్లు నాది, సాంచ నాది, రెండు చేతులు నాకా?”

“రెండు చాలు నీకు. నువ్వు ఆలోచన చేసినంతసేపు అవి గుడ ఖాళీగనే ఉంటయి.”

రాజమ్మ నవ్విన నవ్వుకు సోమలింగం కూడా నవ్వక తప్పలేదు. అలా పంపకం కుదిరింది. పగలంతా ఒక పక్క చీర అంచులు, ఒక పక్క నీళ్ళలో రంగు అణువు. కంప్యూటర్ తనంతట తాను నిద్రపోకుండా, తనంతట తాను ఆగి మొదలవకుండా రుచిత ఏవో సరిచేసింది. ఇంట్లో అందరికీ చెప్పింది: “నా పని అయ్యేదాకా దీన్ని ఎవలూ బంద్ చెయ్యద్దు.” సోమలింగం సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

దసరా వచ్చింది.

ఆ పొద్దున నన్ను నిశ్శబ్దం లేపింది. కింద షెడ్డు ఆగిపోయింది. ఉధ్నా మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టుంది. ఇన్నాళ్ళూ వినపడని పిచ్చుకలు వినపడ్డాయి. రాజమ్మ నన్ను శనగపిండి ఫాఫ్డా, జిలేబీ తెమ్మని పంపింది. దసరానాడు సూరత్‌లో ఆ రెండూ తినని ఇల్లు ఉండదేమో, తెలుగువాళ్ళకూ అంటుకుంది ఆ అలవాటు. వరసలో నిలబడ్డ ఒక పటేల్‌తో శనగపిండి గురించి వాదన పడి, వేడి పొట్లంతో తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయింది. కంప్యూటర్ తళతళలాడుతోంది. నొసట పసుపు కుంకుమలు, మెడలో బంతిపూల దండ. వెనక గుచ్చిన వేలెడంత ముక్కకూ ఒక కుంకుమ బొట్టు. ప్లగ్గు తీసి తీగను చుట్టి పక్కన పెట్టారు.

క్రితం రోజు బతుకమ్మ ఆడి అలసి ఆలస్యంగా లేచిన రుచిత తడి జుట్టుతో గదిలోకి వచ్చింది. దండ చూసింది. తీగ చూసింది.

“బాపూ! బంద్ చేసినవా?”

“దసరా గద బిడ్డా.”

“నా లెక్క నడుస్తుండె! ఆపద్దంటే సరేనంటివి!”

“గది పని దినాల ముచ్చట అనుకున్న. దసరానాడు సాంచ ఎవలు నడుపుతరు?”

“ప్రతి ఏడు దీన్ని గుడ ఆపుతవా?”

“ప్రతి ఏడు ఆపుత. నువ్వే లేస్తలేవు పొద్దుగల్ల.”

రుచిత నేల మీద కూర్చుండిపోయింది. “రేపు మాపటికి అయిపోతుండె బాపూ. ఎల్లుండి సార్‌కు చూపియ్యాలె. ఇగ ఏడిది? ఆ సీటు వేరేటోళ్ళకు పాయె.”

సోమలింగం అలవాటుగా అరచెయ్యి తీసుకెళ్ళి కంప్యూటర్ మీద ఆనించాడు. అది చల్లగా ఉండి ఉంటుంది. చెయ్యి వెంటనే తీసేశాడు. నా చేతిలో జిలేబీలు చల్లారుతున్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలో కూడా నాకు తెలియలేదు.

రుచిత ముక్కు తుడుచుకుని తలెత్తింది. “ఆగు. చెక్‌పాయింట్ ఉంటది. సాఫ్ట్‌వేరే జరసేపటికోసారి ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటది. అది మంచిగుంటే అక్కడికెల్లి అందుకోవచ్చు. మొదటి క్లాసులనే చెప్పిండు సార్. ఏడుపుల మర్చిపోయిన.”

“మరింకేంది?” అంది రాజమ్మ.

“ఇప్పుడే నడపాలె అవ్వా. రేపటిదాకా ఆగితే దినం తక్కువవడ్తది.”

తల్లీకూతుళ్ళిద్దరూ సోమలింగం వైపు చూడలేదు, అదే అతనికి ఎక్కువ బరువైందనుకుంటాను. లేచి బయట మెట్ల దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

“పెద్దయ్యా, మస్తు చదివినోనివి. ఏం జెయ్యాలె నేను?”

నేను చదివిన పుస్తకాల్లో ఇది లేదన్నాను. నిజంగానే లేదు.

కింద షెడ్డు గడప మీద సదానందం పడుకొని ఉన్నాడు. రాత్రి పాళీ మనిషి, సోమలింగంతో చిన్ననాడు ఒకే చాప పంచుకున్నవాడు. పట్టపగలు, నోరు తెరుచుకొని, చేతులు రెండూ పక్కలకు పారేసి నిద్రపోతున్నాడు. ఒక మేకపిల్ల అతని లుంగీ అంచు నములుతోంది. అయినా కదలిక లేదు. సోమలింగం అతన్ని చాలాసేపు చూశాడు.

“మా బాపు పండుకోనియ్యమన్నది సాంచను గాదు పెద్దయ్యా,” అన్నాడు చివరికి. “మనుషులను. మనుషులను ఆపుమంటే సేటు ఆపడు. దేవుని పేరు, సాంచ పేరు చెప్తే ఆపుతడు.”

లోపలికి వెళ్ళి దండ తీయకుండానే తీగ విప్పి ప్లగ్గు పెట్టాడు. ఒక నిమ్మకాయ తెచ్చి, కొత్త బండికి పెట్టినట్టు, బల్ల కాలి పక్కన పెట్టాడు.

“షెడ్డుల రెండు సాంచలున్నయంటివి గద బిడ్డా. నాది బంద్. నీది నడుపుకో.”

“మీటరు ఒక్కటేనాయె తిరిగేది!” అంది రాజమ్మ.

“మీటరుకు దసరా లేదే,” అన్నాడు సోమలింగం. తర్వాత కూతురితో, కొంచెం బింకంగా, “నాయి రెండు చేతులు గుడ ఏసుకో. ఇయ్యాల నాకు పని లేదు.”

నల్లటి కిటికీ తెరుచుకుంది. రుచిత ఏదో టైపు చేసి, వేళ్ళు బిగించి కూర్చుంది. తెల్లటి వరసలు కొన్ని వచ్చి ఆగాయి. మళ్ళీ కొన్ని. తర్వాత అంకెలు మొదలయ్యాయి, ఆగిన చోటికి దాదాపు పక్కనుంచే. పోయింది కొద్ది నిమిషాల లెక్క మాత్రమే. రుచిత చెయ్యి చాచింది. నేను జిలేబీ పెట్టాను. చల్లారి గట్టిపడ్డ జిలేబీని అంత ఇష్టంగా తిన్నవాళ్ళను నేను చూడలేదు.

మధ్యాహ్నం ఒక సేటు ఫోన్ చేశాడు. సోమలింగం కుర్చీలోంచి కదలకుండా జవాబిచ్చాడు. “ఆజ్ దసరా హై సేట్. మషీన్ బంద్ హై.” పక్కనే కంప్యూటర్ ఫ్యాను బర్రున తిరుగుతోంది. రాజమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయితే అతను అబద్ధమాడలేదు. ఆ రోజంతా మౌస్ ముట్టుకోలేదు, కళ్ళజోడు పెట్టుకోలేదు. చూస్తూ చూస్తూ కుర్చీలోనే ఒక కునుకు తీశాడు. పగటిపూట అతను నిద్రపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. సాయంత్రం రుచిత జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కితే, లేపి కౌగలించుకొని, ఒక ఆకు తీసి కంప్యూటర్ దండలో దోపాడు.

ఎనిమిది చేతులూ పనిచేయడం వల్ల లెక్క మర్నాడు పొద్దు వాలకముందే ముగిసింది. ఆ మర్నాడు రుచిత కాలేజీకి వెళ్ళింది. సోమలింగం అంచు మీద పువ్వు వేయబోయి అదే పువ్వును మూడుసార్లు చెరిపాడు. రుచిత తిరిగొచ్చేసరికి నేను మెట్ల మీదే ఉన్నాను, ద్వారక బండి వేళలు చూసుకుంటున్నట్టు నటిస్తూ.

“ఏమన్నడు బిడ్డా?”

“రంగును ప్రోటీన్ వదల్లేదు బాపూ. అటిటు ఊగింది గని ఆఖరుదాకా పట్టుకున్నది. సార్ అంత చూసి, నడుమ గంటలకొద్ది ఎందుకు ఆగిందని అడిగిండు. అందరు నా దిక్కే చూసిన్రు. దసరా సార్, అన్న.”

“కోపానికొచ్చిండా?”

“నవ్విండు. వాళ్ళ నాయిన గుడ దసరానాడు కారు తాళాలు దాస్తడట. ‘చాల్‌సే’ అన్నడు.”

సూరత్‌లో ఆ ఒక్క మాట మీద లక్షల బేరాలు నడుస్తాయి. నడుస్తుంది పో, అని అర్థం. అయినా సోమలింగానికి అది చాలలేదు.

“చాల్‌సే అంటే? సీటు నీదేనా, కాదా?”

“సోమవారం నుంచి రమ్మన్నడు.”

రాజమ్మ గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకుంది. సోమలింగం మాత్రం కళ్ళజోడు సర్దుకుని, ఎండిన జమ్మి ఆకు కింద వెలుగుతున్న తెర వైపు తిరిగాడు.

“అట్లనా? అయితే నా రెండు చేతులు నాకు వాపస్ ఇయ్యి.”

“గదే చెప్పాలె బాపూ,” అంది రుచిత, చెప్పులు కూడా విప్పకుండా తలుపు దగ్గరే నిలబడి. “సార్ ఇంకో లెక్క ఇచ్చిండు. ఇంతకన్న పెద్దది.”

సోమలింగం కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు, ఇంకొకరు కూర్చునేంత.